టంకిక్ భాషాకుటుంబము: ఒక చిన్న శాఖ చెప్పిన సాక్ష్యము

ఆస్ట్రేలియా ఖండమునకు ఉత్తరమున కార్పెంటేరియా సింధుశాఖ కలదు. దాని దక్షిణపు కొసయందు కొన్ని చిన్న దీవులున్నవి. దేశపటములో వానికి గల పేర్లు మన చరిత్ర చదివినవారికి క్రొత్తవి కావు. ద్వీపసముదాయము పేరు వెల్లస్లీ. అందు పెద్దదానిపేరు మార్నింగ్టన్. దక్షిణముననున్న మఱియొక దీవి పేరు బెంటింకు. మొదటి రెండు పేర్లును ఒక్కనివే. మార్నింగ్టన్ ప్రభువగు రిచర్డ్ వెల్లస్లీ 1798 నుండి 1805 వరకు భారతదేశమున గవర్నరు జనరలుగా నుండెను. విలియం బెంటింకు 1803 నుండి 1807 వరకు చెన్నపట్టణమున గవర్నరు. అనగా ఉత్తర సర్కారులకును దత్తమండలములకును ఆనాటి పాలకుడు. 1802లో ఆ తీరమును కొలిచిన మాథ్యూ ఫ్లిండర్సు తిరుగుప్రయాణమున మారిషస్ దీవియందు ఫ్రెంచివారికి బందీగా చిక్కెను. తన విడుదలకై యత్నించిన ఈ ఇరువురి పేళ్లను కృతజ్ఞతతో ఆ దీవులకు పెట్టెను. ఆ దీవులవారు ఈ పేళ్లను ఎరుగరు. బెంటింకు దీవికి వారు పెట్టుకొన్న పేరు ‘దుల్క వర్ఙీద్’. అందరిదైన నేల అని దాని యర్థము.

ఈ దీవులలోను, వాని కెదురుగానున్న ప్రధానభూమి తీరమునను పలుకబడిన ఐదాఱు భాషలను భాషాశాస్త్రజ్ఞులు టంకిక్ కుటుంబమని పేర్కొందురు. నేను స్వరాష్ట్రమునకు దూరముగా, నానాభాషల విద్యార్థులు కూర్చుండు తరగతిలో తెలుగు బోధించుచున్నాను. ఒకనాడు ప్రసంగవశమున ఈ కుటుంబమును పేర్కొనగా ఒక విద్యార్థి, “నూరుమంది మాటలాడిన భాషవలన శాస్త్రమునకు ఒరుగునదేమి?” అని యడిగెను. ప్రశ్న సహేతుకమైనదే. ఆనాడు గంట మ్రోగుటచే నేను చెప్పజాలని సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాను.

1. కుటుంబ సభ్యులు

ఈ భాషలలో ‘మనిషి’ అను నర్థమున ‘డంక’ లేక ‘టంక’ అను పదము కలదు. దానినిబట్టియే కుటుంబమునకు పేరు ఏర్పడినది. మార్నింగ్టన్ దీవి భాష లార్డిల్. బెంటింకు దీవి భాష కయార్డిల్డ్. ఆ పేరునకు ‘బలమైన పలుకు’ అని యర్థము. ఈ రెంటికి నడుమ ఫోర్సిత్, డెన్హామ్ అను చిన్న దీవులలో యంకాల్ భాష వ్యవహరింపబడెను. అది కయార్డిల్డ్‌నకు మిక్కిలి సన్నిహితము. ప్రధానభూమిమీద బర్క్‌టౌన్ పరిసరములలో గంగలిద భాష ఉండెను. దీనినే పూర్వవ్యాసములు యుకుల్త యనుచున్నవి. దాని పొరుగున ఙుబురింది యను భాష ఉండెడిది. అది కొన్ని పదముల పట్టికరూపమున మాత్రమే మిగిలినది. మిన్కిన్ అను మఱియొక భాషనుకూడ ఇందు చేర్చవచ్చునని కొందరి ఊహ. దానికిని ఆధారము పదముల పట్టికయే గాని వాక్యములు లేవు.

ఆస్ట్రేలియాలో అధికభాగమును పామా-న్యుంగన్ అను మహాకుటుంబము ఆక్రమించియున్నది. టంకిక్ భాషలను పలువురు పండితులు దానికి వెలుపలివానిగా లెక్కింతురు. చుట్టును పెద్ద కుటుంబములుండగా తన ప్రత్యేకతను నిలుపుకొన్న చిన్న కుటుంబమిది.

మన ద్రావిడభాషలతో వీనికి బంధుత్వముండునా యను శంక పాఠకులకు కలుగవచ్చును. కాల్డ్వెల్ తన తులనాత్మక వ్యాకరణములో (1856) ఆస్ట్రేలియా భాషల సర్వనామములకును మన సర్వనామములకును గల పోలికలను ప్రస్తావించియున్నాడు. కయార్డిల్డ్‌లో ‘నేను’ అనుటకు ‘ఙద’ అందురు. ఇట్టి పోలికలు ఆకర్షకములే గాని, నియతమైన ధ్వనిసంవాదములు లేనిచోట అవి బంధుత్వమును స్థాపింపజాలవు. వీనిని మనము చదువుట చుట్టరికమునకై కాదు.

2. వర్ణములు

ఈ భాషల వర్ణమాల మన పండితులకు ఒక పరిచితమైన కొత్తదనమును చూపును. మన వర్ణసమామ్నాయమున కకారాది పకారాంతము ఐదు వర్గములు కలవు. వీనిలో ఆఱు వర్గములున్నవి. దంత్యమునకును మూర్ధన్యమునకును నడుమ దంతమూలీయము వేఱుగా నిలిచినది. ప్రతివర్గమునకు ఒక స్పర్శము, ఒక అనునాసికము ఉండును. శ్వాసనాదభేదము లేదు, కావుననే ఒకే పదమును డంక యనియు టంక యనియు వ్రాసితిమి. మహాప్రాణములు లేవు, ఊష్మములు అసలే లేవు. మన లిపిలో దాదాపు నిరుద్యోగియై కూర్చున్న ఙకారము ఇచ్చట పదాదియందు నిత్యము వినవచ్చును. కయార్డిల్డ్‌లో అచ్చులు అ, ఇ, ఉ అను మూడును, వాని దీర్ఘములును మాత్రమే.

లార్డిల్‌లోని పదాంతవిధి మఱియు విశేషమైనది. తెలుగు అజంతభాష. పాల్, ఊర్ అను మూలరూపములకు అచ్చును చేర్చి మనము పాలు, ఊరు అనుకొంటిమి. లార్డిల్ దీనికి విపరీతముగా నడచెను. ‘యలులున్’ అనిన జ్వాలను అని యర్థము. కేవలము జ్వాల యనవలెనన్న ‘యలులు’ అనక ‘యలుల్’ అందురు. చివరి అచ్చు రాలిపోయినది. ‘ముంకుముంకున్’ అనిన కొయ్యగొడ్డలిని. ప్రథమారూపము ‘ముంకుము’. అచ్చు రాలగా, పదాంతమున నిలువజాలని హల్లులును దానివెంట రాలిపోయినవి. అమెరికను భాషాశాస్త్రజ్ఞుడు కెన్నెత్ హేల్ 1960లో మార్నింగ్టన్ దీవియందుండి సేకరించిన ఈ రూపములను 1973లో ఒక వ్యాసమునందు వివరించెను. అటుపిమ్మట అవి ధ్వనిశాస్త్ర పాఠ్యగ్రంథములలో అభ్యాసములై, ఆ దీవి ఎక్కడనున్నదో తెలియని విద్యార్థులకుగూడ కంఠస్థమైనవి.

3. నామమునకు కాలము

సమాధానమునకు ముఖ్యాధారము కయార్డిల్డ్ వ్యాకరణమునందున్నది. ‘మగవాని వలతో’ అనుటకు తెలుగున తృతీయావిభక్తి ఒక్కచోటనే, వలయను పదముమీదనే నిలుచును. సంస్కృతమున విశేషణము విశేష్యముతోపాటు విభక్తిని గ్రహించును గాని, షష్ఠ్యంతము షష్ఠ్యంతముగనే యుండును. ‘పురుషస్య జాలేన’ అందుము. షష్ఠిమీద మరల తృతీయను చేర్చుట అచ్చట కానరాదు. కయార్డిల్డ్ దానిని చేర్చును. ‘డంక-కర్ర-ఙుని మిజిల్-ఙుని’ అనుచోట కర్ర షష్ఠి, ఙుని తృతీయ. మనిషి యను పదముమీద రెండు విభక్తులును వరుసగా నిలిచినవి.

ఇంతటితో ఆగదు. ‘ఆ స్త్రీ మగవాని వలతో చేప పట్టియుండవలెను’ అను వాక్యమును కయార్డిల్డ్ వ్యవహర్త ఇట్లు చెప్పును: ‘మకు-న్త యలవు-జర్ర-న్త యకురి-నా-న్త డంక-కర్ర-ఙుని-నా-న్త మిజిల్-ఙుని-నా-న్త్’. మకు స్త్రీ, యకురి చేప, మిజిల్ వల, యలవు పట్టుట. క్రియమీద జర్ర యను భూతకాలప్రత్యయమున్నది. అదిగాక చేపమీద, మనిషిమీద, వలమీదకూడ ‘నా’ యను ప్రత్యయమున్నది. అది ఈ పని గతించినదని చెప్పుచున్నది. అట్లే భవిష్యత్తు చెప్పవలసినపుడు చేప ‘యకురివు’ అగును. కాలము క్రియకే గాక నామములకును అంటియున్నది. ఇక ప్రతిపదమునకును చివర నున్న ‘న్త’ వాక్యమంతయు వక్త యొక్క యూహయని తెలుపును. ‘డంక’ యను ఒక్క పదముమీద నాలుగు ప్రత్యయములు పొరలుపొరలుగా నిలిచినవి. మొదటిది వలతో సంబంధమును, రెండవది వలకు క్రియతోడి సంబంధమును, మూడవది కాలమును, నాలుగవది వక్త నిశ్చయపరిమాణమును తెలుపును. లోపలినుండి వెలుపలికి పదబంధము, వాక్యము, వక్త అను క్రమము ఒక్క పదమునందే చదువనగును.

1990లో స్టీవెన్ పింకర్, పాల్ బ్లూమ్ అను ఇరువురు ప్రసిద్ధ శాస్త్రజ్ఞులు, నామప్రత్యయములచే కాలమును తెలుపు భాష ఎచ్చటను లేదని వ్రాసిరి. మానవబుద్ధి సహజముగా అట్టి వ్యాకరణమును నిర్మింపదని వారి భావము. కాని అప్పటికే బెంటింకు దీవివారిలో వృద్ధులు నిత్యము అట్లే మాటలాడుచుండిరి. నికొలస్ ఇవాన్స్ 1982 నుండి వారిచెంత నేర్చి 1985లో సిద్ధాంతవ్యాసమును, 1995లో సమగ్రవ్యాకరణమును వెలువరించెను. ఆ వృద్ధులు మరి ముప్పది సంవత్సరములు ముందుగా గతించియుండినచో ఏమగును? ఆ సూత్రమునకు ఎదురుచెప్పు ఈ సాక్షి యుండెడిది కాదు. భూమిమీద ఎన్నడును లేనిది వేఱు, ఉండియు వినబడకపోయినది వేఱు. భాషలు గతించినకొలది ఈ రెంటి భేదము మనకు తెలియకుండ పోవును.

4. సోదరభాష యిచ్చిన వివరణము

ఇట్టి వింత వ్యాకరణము ఎట్లేర్పడెను? దీనికి సమాధానము కయార్డిల్డ్‌లో దొరకదు; గంగలిదలో దొరకును. శాండ్రా కీన్ ఆ భాషను వృద్ధులవద్ద గ్రహించి 1972లో సిద్ధాంతవ్యాసముగా వ్రాసెను. ఆ రచన 1983లో ప్రకటితమైనది. గంగలిద ప్రధానవాక్యములో హిందీలోని ‘నే’ వలె సకర్మకక్రియ కర్తకు వేఱు విభక్తి కలదు. కాలమును సర్వనామమును తెలుపు ఒక చిన్న పదసముదాయము వాక్యమున రెండవస్థానమునందు నిలుచును. కయార్డిల్డ్‌లో ఈ రెండును లేవు. కాని గంగలిద ఉపవాక్యములను పరిశీలించినచో కయార్డిల్డ్ ప్రధానవాక్యముల ఛాయ కనిపించును. అచ్చట ఉపవాక్యములోని నామములు, తమకు ప్రధానవాక్యముతో గల సంబంధమును తెలుపు విభక్తిని అదనముగా గ్రహించును.

పండితుల నిర్ణయమిది: గంగలిద పూర్వస్థితిని అధికముగా నిలుపుకొన్నది. దీవులభాషలలో ప్రధానవాక్యము వ్యవహారమునుండి జారిపోగా ఉపవాక్యమే ప్రధానవాక్యమై నిలిచినది. ఆ మార్పుతో ఒకప్పటి సంబంధవిభక్తులు కాలమును ఊహను తెలుపు గుర్తులైనవి.

ఈ మార్పు మనకు దుర్గ్రాహ్యము కాదు. ఇంటికి వచ్చిన చుట్టమును ‘ఏమి పనిమీద వచ్చితిరి?’ అని యడిగినచో, ‘ఏమియు లేదు, మిమ్ము చూచి పోదమని’ యనును. ‘అని’ తో ముగిసిన ఆ ఉపవాక్యమునకు ‘వచ్చితిని’ యను ప్రధానక్రియ ఉండవలెను. అది లేకున్నను వాక్యము సంపూర్ణమే. మన వాడుకలో అప్పుడప్పుడు జరుగు ఈ లోపము ఆ దీవులలో కొన్ని తరములపాటు సాగి వ్యాకరణమునంతను తిరుగవేసినది.

ఇచ్చట గమనింపవలసినదేమనగా, గంగలిద ముందుగా నశించియుండినచో కయార్డిల్డ్ ఒక వింతగా మిగిలెడిదే గాని దాని చరిత్ర మనకు బోధపడెడిది కాదు. ఙుబురింది, మిన్కిన్ భాషలు ఏమి చెప్పియుండెడివో ఇప్పుడెవ్వరును చెప్పజాలరు. పదముల పట్టిక బంధుత్వమును సూచింపవచ్చును. వాక్యనిర్మాణ చరిత్రకు వాక్యములే కావలెను.

5. లార్డిల్ వారి రెండవ వాక్కు

లార్డిల్ సర్వనామములు బంధుత్వమును ఎరుగును. ‘వారిరువురు’ అనునపుడు ఆ యిరువురు ఒకే తరమువారో, తాతమనుమల వలె ఒకటి విడిచి ఒక తరమువారో అయినచో ఒక రూపము. తండ్రికొడుకుల వలె ప్రక్క తరములవారైనచో మఱియొక రూపము. హేల్ దీనిని 1966లో వివరించెను. తాతపేరును మనుమనికి పెట్టు ఆచారముగల మనకు తాతమనుమలను ఒక జట్టుగా తలచు ఈ దృష్టి దూరమైనది కాదు. వారు దానిని వ్యాకరణమునందే నిలిపిరి.

ఇదిగాక లార్డిల్ పురుషులకు డామిన్ అను రెండవ వాక్కు ఉండెను. దీక్షాసంస్కారములలో రెండవదానిని పొందినవారు మాత్రమే దానిని నేర్చుచుండిరి. అందలి ప్రత్యయములన్నియు లార్డిల్‌వే. ప్రకృతులు మాత్రము వేఱు. ప్రకృతుల సంఖ్య సుమారు రెండువందలకు మించదు. సాధారణభాషలోని అనేకపదములకు బదులుగా ఒక్క పదము నిలుచును. ‘నేను’, ‘మనము’ మొదలగునవన్నియు వక్తను చేర్చుకొను ఒక్క పదమునందును, ‘నీవు’, ‘అతడు’ మొదలగునవి వక్తను చేర్చుకొనని మఱియొక పదమునందును ఇమిడిపోవును. కొద్దిపాటి పదములతో ప్రపంచమునంతను చెప్పవలెనన్న అర్థములను జాతులుగా విభజింపవలెను. ఆ విభాగమును చేసినవారు నిస్సంశయముగా అర్థవిచారపరులు.

డామిన్‌లో లార్డిల్‌నందు లేని ధ్వనులుండెను. ఎద్దులను అదలించుటకును జాలి తెలుపుటకును మనము నాలుకతో చేయు చప్పుడువంటివి అందు వర్ణములై పదములలో నిలిచినవి. ఇట్టి వర్ణములు ఆఫ్రికా వెలుపల మఱియే వాక్కునందును ఎఱుకపడలేదు. 1914లో ఆ దీవియందు క్రైస్తవ ప్రచారకసంఘము స్థాపితమైనది. పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి వసతిగృహములలో నుంచిరి, దీక్షలు అణగిపోయినవి. దీక్ష పోయినచోట డామిన్‌ను నేర్పు సందర్భమే పోయినది. హేల్ విన్నది అప్పటికే వృద్ధులైనవారి జ్ఞాపకమును.

6. ఎట్లు తెగినది

బెంటింకు దీవివారి కథ మఱియొక విధమైనది. వారు కయార్డిల్ట్ ప్రజలు. ఆస్ట్రేలియా తీరవాసులలో శ్వేతజాతీయులతో స్థిరసంబంధమునకు మిక్కిలి ఆలస్యముగా వచ్చినవారిలో వీరొకరు. 1918 ప్రాంతమున ఒక శ్వేతజాతీయుడు గుఱ్ఱములపై అనుచరులతో వచ్చి పలువురిని కాల్చిచంపెనని వారి వృద్ధులు చెప్పిన వాఙ్మూలము 1985లో ప్రకటితమైనది. పిదప 1940 దశకమున అనావృష్టి, తిండికొరత, అంతఃకలహములు వారిని క్రుంగదీసినవి. 1948లో సముద్రము పొంగి మంచినీటి గుంటలను ఉప్పుచేసెను. మిగిలినవారినందఱిని మార్నింగ్టన్ దీవికి తరలించిరి. అచ్చట పిల్లలు వసతిగృహములలో ఆంగ్లము నేర్చిరి. తల్లిదండ్రులు వేఱొకచోట కయార్డిల్డ్ మాటలాడుకొనిరి. భాషను చంపుటకు ఎవరును శాసనము చేయనక్కరలేదు. తల్లికిని బిడ్డకును నడుమ ఒక గోడ చాలును. ఆ గోడకు ఇవతల పెరిగిన తరమునకు ఆ భాష మాతృభాష కాలేదు.

ప్రాచీన లార్డిల్‌ను ధారాళముగా మాటలాడిన చివరి వ్యక్తి 2007లో గతించెను. విభక్తులు చాలవరకు రాలిన నవీనరూపము కొందఱియందు నిలిచినది. కయార్డిల్డ్ కొద్దిమంది వృద్ధుల నోట 21వ శతాబ్దిలోనికి వచ్చెను. ఎరిక్ రౌండ్ 2013లో దాని పదవాక్యనిర్మాణముపై మఱియొక గ్రంథమును ప్రకటించెను. ఆ వృద్ధులలో ఒకరగు శాలీ గబోరి 2005లో, ఎనుబదియేండ్ల ప్రాయమున, కుంచె పట్టి తన దీవిని రంగులలో వ్రాసి దేశాంతరఖ్యాతి గాంచి 2015లో గతించెను. ఆమె పూర్తిపేరు మిర్దిదింగ్కిఙతి జువార్ణ్డ. ‘ఙతి’ యనునది ‘ఫలానిచోట పుట్టిన’ అను నర్థమిచ్చు ప్రత్యయము. మిర్దిదింగ్కి ఆమె పుట్టినచోటు. చిత్రశాలలో పటముక్రింద ఆ పేరు చదువువారు తెలియకయే కయార్డిల్డ్ వ్యాకరణమును ఒక ముక్క చదువుచున్నారు.

ప్రజలు ఊరకుండలేదు. 1997లో లార్డిల్ నిఘంటువు మార్నింగ్టన్ దీవిలోని గునునా గ్రామమునుండియే, స్థానికపాలకమండలి పక్షమున వెలువడినది. హేల్ ప్రభృతులు సేకరించినది తమ మనుమలకై తమ ఊరికే తిరిగివచ్చినది.

7. మనకు

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తును. నూరుమంది భాషవలన శాస్త్రమునకు ఒరిగినదేమనగా, అసంభవమనుకొన్నది సంభవమని తెలిసినది. అది ఎట్లు సంభవించెనో దాని సోదరభాషవలన తెలిసినది. వ్యవహర్తల సంఖ్య భాషయొక్క రాజకీయబలమును తెలుపును గాని దాని సాక్ష్యబలమును తెలుపదు.

మన యింటిలోనే దీనికి దృష్టాంతమున్నది. తెలుగున శకటరేఫకును సాధురేఫకును ఉచ్చారణలో భేదము ఎన్నడో పోయినది. ఛందస్సుకొఱకు కవులు దానిని బట్టీపట్టవలసివచ్చినది. ఆ ఱకారమునకు మూలమైన ధ్వని ఆంధ్ర, ఒడిశా కొండలలోని చిన్న ద్రావిడభాషయగు కొండభాషయందు ప్రత్యేకముగా నిలిచియున్నదని భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో ప్రకటించిన వ్యాకరణము చూపినది. కోట్లమంది పలుకు భాష మఱచినదానిని వేలమంది పలుకు భాష గుర్తుంచుకొన్నది.

కావున మన భాషాశాఖలు చిన్నభాషలను చేపట్టునపుడు రెండు విషయములు మఱువరాదు. ఒకటి, పదముల పట్టికతో తృప్తిపడరాదు. కథలు, సంభాషణములు, కలహములు, హాస్యములు సేకరింపవలెను. ఉపవాక్యములు అచ్చటనే దొరకును. రెండు, కుటుంబములో ఒక్క భాషను వ్రాసి తక్కినవానిని దాని మాండలికములని త్రోసివేయరాదు. గంగలిదను అట్లు త్రోసివేసియుండినచో ఈ వ్యాసమున నాలుగవ భాగము లేదు. సేకరించినదాని ప్రతి ముందుగా ఆ భాషవారి చేతికి అందవలెను. ఇది ఔదార్యము కాదు, ఋణము.

బెంటింకు తన పేరుగల దీవిని చూడలేదు. చెన్నపట్టణమునుండి మన మండలములను పాలించినపుడు ఆయన మన భాషను ఏమాత్రము వినెనో చెప్పజాలము. దూరమునుండి పేరు పెట్టుట సులభము. దగ్గఱ కూర్చుండి వాక్యము వినుట కష్టము. భాషాశాస్త్రము రెండవ పనికై ఏర్పడినది.